గుమ్మం దాకా వచ్చిన కుక్క

మా వైపు నేత బట్టల మీద చేప ఉంటుంది. పీత ఉంటుంది. శంఖం, గొడ్డలి, పడవ, ఆఖరికి పాము కూడా ఉంటుంది. కుక్క ఉండదు.

మా వైపు అంటే పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ మీదుగా కోరాపుట్ దాకా, ఇటు తిరిగితే బరంపురం దాకా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతకు దిగొచ్చిన సవరలతో, కొందులతో వచ్చీరాని నాలుగు ముక్కలు మాట్లాడుకుంటూ బతికేస్తాం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత ఇవతల పడ్డాం కానీ చుట్టరికాలన్నీ ఇంకా శ్రీకాకుళంలోనే ఉన్నాయి. ఈ ఊళ్ళలో ఏ వీధిలోకి వెళ్ళినా ముందు పలకరించేది కుక్కే. కొండ మీద పోడు దగ్గర కాపలా అదే, వేటకు తోడు అదే, ఆఖరి బస్సు దిగి ఆలస్యంగా ఇంటికొస్తే వీధి మొత్తానికి చాటింపు వేసేదీ అదే. ఇంతగా కలిసి బతికే జంతువు మన బట్టల మీదకు ఎందుకు ఎక్కలేదు?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు, కోపంలో పుట్టింది. ఒక చేనేత ప్రదర్శనలో సవర బొమ్మలు వేసిన టస్సర్ స్టోల్ ఒకటి చూశాను. దానికి దారంతో ఒక అట్టముక్క కట్టారు. దాని మీద వరసగా అర్థాలు: చెట్టు అంటే జీవం, నెమలి అంటే అందం, ఏనుగు అంటే ఐశ్వర్యం, కుక్క అంటే విశ్వాసం. అంతే. సవర గోడల మీది బొమ్మలకు ఎక్కాల పుస్తకం రాసి చేతిలో పెట్టారు. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి దాన్నే నలుగురికీ వల్లిస్తారు. బొమ్మకో అర్థం అంటగట్టే ఈ పద్ధతితోనే నా పేచీ. ఇంటి బట్టల మీద కుక్క సంగతి తేలాలంటే అది దేనికి గుర్తు అని అడిగితే ఏమీ తేలదు. దాన్ని ఎక్కడిదాకా రానిచ్చారు అని అడగాలి.

ముందు రానివ్వని చోట్లు చూద్దాం. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్ళు తరతరాలుగా నేస్తున్న బట్ట ఉంది. ఒడియాలో ఆల్ అంటారే, మన తొగరు చెట్టు, దాని వేరు బెరడే దానికి రంగు. నూలును ఆముదం, పేడ, బూడిద నీళ్ళలో నానబెట్టడం, పిండడం, ఎండబెట్టడం, మళ్ళీ నానబెట్టడం. ఇలా రోజుల తరబడి చేస్తే గానీ దారం రంగును పట్టదు. అప్పుడొస్తుంది ఇటుక ఎరుపు నుంచి ముదురు గోధుమ దాకా ఆ వెలిసిపోని రంగు. 2005లో దీనికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఒడిశాకు దక్కిన మొదటి జీఐ ఇదే. 2018లో కోట్‌పాడ్ నేతగాడు గోవర్ధన్ పానికాకు పద్మశ్రీ ఇచ్చారు. పరజలు, భత్రలు, గదబలు అనే గిరిజనులు పెళ్ళిళ్ళకు, పండగలకు కట్టుకున్న బట్ట ఇది. పైన చెప్పిన పీత, చేప, గొడ్డలి అన్నీ దీని కొంగు మీదివే. నీళ్ళలో దొరికేది, అడవికి పట్టుకెళ్ళేది, గుడిలో మోగేది అన్నీ ఎక్కాయి. పీతకు దొరికిన చోటు వేటకుక్కకు దొరకలేదు.

బరంపురం పట్టు సంగతి వేరే చెప్పక్కర్లేదు. అంచు మీద గుడి శిఖరాల వరస, దాన్ని ఫోడా కుంభ అంటారు. నేసేది దేరా వీధులవాళ్ళు. రెండేళ్ళకోసారి బుధి ఠాకురాణి యాత్రలో అమ్మవారిని ఆడపడుచుగా పుట్టింటికి తెచ్చుకునేదీ వాళ్ళే. అమ్మవారు పుట్టింటికొచ్చే వీధిలో నేసిన చీర మీద ఏముండాలో, ఏముండకూడదో ఎవరూ చట్టం రాసి పెట్టలేదు. రాయాల్సిన అవసరమూ పడలేదు.

మగ్గం మీద కుక్క బొమ్మ తీయడం కష్టమేమో అని ఒక స్నేహితుడు వాదించాడు. పీత అటూ ఇటూ ఒకేలా ఉంటుంది కాబట్టి సులువు, కుక్కను పక్క నుంచి చూపించాలి, తోక వంకర తిప్పాలి అని. వినడానికి బాగానే ఉంది. మరి దారాన్ని ముడులు కట్టి రంగువేసి నేసే సంబల్‌పూర్ బాంధా చీరల మీద ఏనుగు ఎలా కుదిరింది? బాతు? జింక? తొండం తిప్పగలిగినవాడికి తోక తిప్పడం ఒక లెక్కా?

నియమగిరి కొండల మీద డోంగ్రియా కొందు ఆడపిల్లలు కుట్టే కప్డాగండా శాలువలో అసలు జంతువులే కనిపించవు. తెల్లటి ముతక బట్ట కింద నుంచి తెచ్చుకుంటారు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో త్రికోణాలు, గీతలు కుడతారు. త్రికోణాలు కొండలు. అన్నదమ్ములకో, మనసైనవాడికో ఇస్తారు. 2024 జనవరిలో దీనికీ జీఐ వచ్చింది. జంతువే లేని చోట కుక్క లేదని అడగడం అన్యాయం కాబట్టి ఈ శాలువను నా లెక్కలోంచి తీసేస్తున్నాను.

ఇక కుక్క ఉన్న బట్ట. మా చిన్నత్త ఇంట్లో ముందుగదిలో అద్దాల ఫ్రేములో ఒకటుంది. ఇలాంటివి పర్లాకిమిడిలో, బరంపురంలో, ఆ మాటకొస్తే టెక్కలిలో, విజయనగరంలో కూడా ఎన్నో ఇళ్ళల్లో ఉండేవి. పెళ్ళికాని ఆడపిల్ల గ్రాఫు, అంటే గళ్ళ కాగితం మీది నమూనా, చూసి మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్‌తో కుట్టి, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు కనిపించేలా గోడకు తగిలించే బొమ్మలు. బుట్టలో కుక్కపిల్ల, కింద ఇంగ్లీషు అక్షరాల్లో స్వీట్ హోమ్.

ఫ్రేము అద్దం పగిలినప్పుడు ఆ బట్టను బయటికి తీశాం. అప్పుడు చేత్తో పట్టుకుని చూశాను. కుక్క ఒళ్ళంతా గోధుమరంగు, కుడివైపు వెనక కాలు మాత్రం నారింజ. ఆరు పోగుల దారాన్ని విడదీసి రెండేసి పోగులతో కుట్టింది. లచ్చికి ఎనిమిది మీటర్లే వస్తుంది కాబట్టి ఎంత పొదుపు చేసినా కాలు దగ్గరికొచ్చేసరికి అయిపోయిందట, కొట్లో మళ్ళీ అదే నంబరు దొరకలేదు. కన్ను నల్లగా నాలుగు కుట్లు, అందులో మెరుపు కోసం ఒక తెల్ల కుట్టు. ఆ ఒక్క కుట్టుతోనే కుక్క మన వైపు చూస్తున్నట్టు ఉంటుంది. బట్ట తిప్పితే వెనక వైపు పూర్తిగా వేరే లోకం. చెవి నుంచి తోక దాకా అడ్డంగా లాగేసిన దారాలు, ముడులు, విప్పేసి మళ్ళీ కుట్టిన చోట మిగిలిన తెగిన కొసలు. బుట్ట దగ్గర గళ్ళు లెక్క తప్పి ఒక వరస ఎక్కువ పడింది. ముందు నుంచి చూస్తే బుట్ట కొంచెం ఉబ్బినట్టు ఉంటుంది తప్ప తెలియదు.

"కుక్కనే ఎందుకు కుట్టావత్తా?" అని అడిగాను.

"ఏట్రా ఆ ప్రశ్న? నెమలి గ్రాఫు ఎదురింటోళ్ళ దగ్గరుండేది, ఇమ్మంటే ఇవ్వలేదు. కుక్కదే దొరికింది."

"విశ్వాసానికి గుర్తు అని కాదా?"

"విశ్వాసమా పాడా! బుట్టతో సహా కుడితే బట్ట నిండుతుంది. లేకపోతే ఖాళీ కనిపించదూ?"

మరి దేవుడి గది కర్టెన్ మీద కూడా అదే ఎందుకు కుట్టలేదని అడిగితే మాత్రం నన్ను వింతగా చూసింది. "కుక్కని దేవుడి గదిలోకి ఎవడైనా రానిస్తాడా?" దేవుడి గదికి కుట్టింది తామర పువ్వులు. దిండు గలీబులకు గులాబీలు. టేబుల్ క్లాత్‌కు ద్రాక్షగుత్తులు. రెండు కుక్కలు ఎదురెదురుగా కూర్చున్న ఇంకో బట్ట ఉండేదట. అది వీధి గుమ్మం కర్టెన్.

నా వాదన మొత్తం ఇందులోనే ఉంది. కుక్క గ్రాఫు చేతికి రావడం కాకతాళీయం. దాన్ని ఎక్కడ తగిలించాలి అన్నది కాకతాళీయం కాదు. వీధి గుమ్మం, ముందుగది గోడ, అంతవరకే. ఒంటికి తగిలే బట్ట మీద లేదు, తల ఆనించే బట్ట మీద లేదు, దేవుడికి అడ్డంగా వేలాడే బట్ట మీద అసలే లేదు. నిజం కుక్కకు ఆ ఇంట్లో ఎంత చోటుందో, కుట్టిన కుక్కకూ అంతే.

అన్నట్టు ఆ గ్రాఫులో ఉన్నది మన వీధి కుక్క కాదు. వేలాడే చెవులు, పొడుగాటి బొచ్చు, మెడలో రిబ్బను. మా వీధుల్లో అలాంటి కుక్కను ఎవరూ చూసి ఉండరు. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో బెర్లిన్ నగరంలో గళ్ళ కాగితాల మీద రంగులు నింపిన కుట్టు నమూనాలు అచ్చువేసి అమ్మడం మొదలైంది. ఒక గడికి ఒక కుట్టు. బొమ్మ గీయడం చేతకాకపోయినా లెక్కపెట్టడం వస్తే చాలు. 1830ల నుంచి ఇంగ్లండులో దీనికి విపరీతమైన గిరాకీ వచ్చింది. కుక్కల్ని గీయడంలో పేరు పడ్డ ఎడ్విన్ లాండ్‌సియర్ (1802–1873) అక్కడివాడే, విక్టోరియా రాణి పెంచుకున్న డాష్ అనే స్పానియల్ బొమ్మ కూడా వేశాడు. అతని చిత్రాలు గళ్ళ కాగితాల మీదకు ఎక్కి, ఉన్ని దారాలతో కుషన్ల మీదకూ, పొయ్యి ముందు పరిచే రగ్గుల మీదకూ చేరాయి. అదే కాలంలో స్టాఫర్డ్‌షైర్ కుమ్మరి బట్టీల్లో చేసిన పింగాణీ స్పానియళ్ళను జంటగా కొని, చలిపొయ్యి అరుగుకు చెరో కొసనా ఎదురెదురుగా కూర్చోబెట్టుకునేవాళ్ళు. మా అత్త గుమ్మం కర్టెన్ మీది జంటను తలుచుకుంటే నాకు అవే గుర్తొస్తాయి. వాళ్ళకు పొయ్యి అరుగు ఉంది, మనకు లేదు. మనకున్నది రెండు రెక్కల గుమ్మం.

మిషన్ బళ్ళలో ఆడపిల్లలకు అక్షరాలతో పాటు కుట్టుపని నేర్పేవాళ్ళు. ఆ తర్వాత మామూలు బళ్ళలోనూ కుట్టు క్లాసు వచ్చింది, పత్రికల్లో గ్రాఫులు వచ్చాయి, ఒకరి దగ్గర ఉన్నది పదిమంది గళ్ళ నోటుబుక్కులో ఎక్కించుకున్నారు. నమూనాతో పాటు దాని అర్థం కూడా పడవెక్కి వచ్చిందా? అక్కడ కుక్కకు విశ్వాసం అనే అర్థం పాతదే. సమాధుల మీద చెక్కిన దంపతుల పాదాల దగ్గర చిన్న కుక్క పడుకుని ఉంటుంది. స్టోల్‌కు కట్టిన అట్టముక్క మీద రాసింది ఆ సరుకే. మనకూ కుక్క విశ్వాసం గల జంతువే, కాదని ఎవరంటారు? కానీ అంత విశ్వాసాన్ని అరుగు కిందే పడుకోబెట్టాం. వాళ్ళు కుషన్ మీద కుట్టారంటే కుషన్ ఎక్కనిచ్చారు కాబట్టి. నమూనా ఒకటే, దాన్ని తగిలించిన చోటే మారింది.

మన పురాణాల్లో కుక్కకు గౌరవం లేదా అని అడగొచ్చు. బోలెడు ఉంది. ధర్మరాజు వెంట స్వర్గం వాకిలి దాకా నడిచింది కుక్కే, అది సాక్షాత్తూ యమధర్మరాజు. కాలభైరవుడి వాహనం కుక్క. ఆదిలాబాద్‌కు అవతల, మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో మాహూర్ ఉంది. దత్తాత్రేయుడు పుట్టిన చోటని చెప్తారు. మా తోడల్లుడు ఆ పక్కనే కిన్వట్‌లో ఉంటాడు, వెళ్ళినప్పుడల్లా కొండకు తీసుకెళ్తాడు. కొట్ల నిండా దత్తుడి పటాలు. మూడు తలలు, వెనక ఆవు, పాదాల దగ్గర నాలుగు కుక్కలు. ఆ నాలుగూ నాలుగు వేదాలని చెప్తారు. ఒక జంతువుకు ఇంతకంటే పెద్ద పీట ఎవరు వేస్తారు?

అయినా ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. శివుణ్ణి తీసేసి నందిని మాత్రమే చీర మీద వేస్తే బాగుంటుంది. కుమారస్వామి లేకుండా నెమలి, సరస్వతి లేకుండా హంస, ఇంద్రుడు లేకుండా ఏనుగు, వీటిని పెళ్ళికూతురు కూడా కట్టుకుంటుంది. పాము కరుస్తుంది, చంపుతుంది, అయినా పుట్టలో పాలు పోయించుకుంటుంది కాబట్టి కొంగు మీదకు వస్తుంది. మరి భైరవుణ్ణి తీసేసి కుక్కను మాత్రమే వేయండి. దత్తుణ్ణి తీసేసి ఆ నాలుగింటిని అంచు వెంబడి వరసగా నేయండి. వేదాలు కాస్తా ఊరకుక్కలైపోతాయి. యముడి దున్నపోతుకు, శని కాకికి, జ్యేష్ఠాదేవి గాడిదకు కూడా ఇదే గతి. యజమాని పక్కన ఉన్నంతసేపే వాటికి గౌరవం.

ఈ జాబితాలో అందరికీ చావుతో ఏదో ఒక చుట్టరికం ఉందని గమనించారా? వేదకాలం నుంచి యముడి వాకిట రెండు కుక్కలున్నాయి, ఒక్కోదానికి నాలుగేసి కళ్ళు. పెద్దలకు పెట్టిన రోజున కాకికీ కుక్కకీ ముద్ద తీసి పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. రాత్రి కుక్క ఏడిస్తే మా వీధిలో ఇప్పటికీ ఎవరో ఒకరు లేచి అదిలిస్తారు. అందుకే పుట్టుక, పెళ్ళి చుట్టూ తిరిగే బట్ట దాన్ని దగ్గరికి రానివ్వలేదని నా ఊహ. రాయికి ఈ పట్టింపు లేదు. కర్ణాటకలో ఆతకూరులో పదో శతాబ్దపు వీరగల్లు, అంటే వీరుల స్మారకశిల, ఒకటుంది, అడవిపందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్క కోసం నిలబెట్టింది. చచ్చిపోయాక రాయి మీద పేరు దక్కింది. బతికున్నవాళ్ళ బట్ట మీద మాత్రం దక్కలేదు.

ఇక్కడే సవర గోడ మాటకు రావాలి. ఇడితాల్ అని పిలిచే ఈ బొమ్మలు గజపతి, రాయగడ జిల్లాల్లో సవర ఇళ్ళ లోపలి గోడల మీద వేసేవి. ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి తెలుపు, నమిలి మెత్తబరిచిన పుల్ల. ముందు చుట్టూ చట్రం గీసి, తర్వాత లోపలికి నింపుకుంటూ వస్తారు. చూసి ఆనందించడానికి వేసేవి కావు. చనిపోయినవాళ్ళ కోసమో, జబ్బు తెచ్చిన దేవర కోసమో వేస్తారు. వాళ్ళొచ్చి ఉండటానికి అదొక ఇల్లు. వాళ్ళకు కావాల్సినవన్నీ అందులో పెట్టాలి. అందుకే గుర్రాలు, ఏనుగులు, సూర్యచంద్రులు, నెమళ్ళు, బల్లులే కాక తుపాకులు, సైకిళ్ళు, రైలు, విమానం కూడా ఎక్కాయి. 1940లలో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఈ కొండల్లో తిరిగి వీటిని నమోదు చేసుకునేటప్పటికే విమానం గోడ మీద ఉంది. అంతకు ముందే పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి (1863–1940) సవర భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. అంటే ఈ ఊరివాళ్ళకు ఆ గోడల సంగతి కొత్తేమీ కాదు, పట్టించుకోకపోవడం వేరే విషయం.

విమానానికి తలుపు తీసిన గోడ కుక్కను మాత్రం ఎందుకు ఆపుతుంది? వేటగాడి వెనక నాలుగు గీతల కాళ్ళతో పరిగెత్తేదాన్ని నేను చూశాను. ఆ బొమ్మల్లో కుక్కకూ మేకకూ తేడా తోక దగ్గరే తెలుస్తుంది. అక్కడ కుక్క దేనికీ గుర్తు కాదు. పోయినవాడు వేటకు వెళ్ళాలంటే తోడు కావాలి, అందుకని వేస్తారు. గోడ పోయినవాళ్ళది కాబట్టి కుక్కకు అందులో ఏ అడ్డూ లేదు. అదే బొమ్మను గోడ మీంచి ఊడబెరికి బతికున్నవాళ్ళు మెడలో వేసుకునే స్టోల్ మీదకు తెచ్చినప్పుడు ఏమవుతుంది? నా అభ్యంతరం స్టోల్ అమ్మడం మీద కాదు. సవర కుర్రాళ్ళు బట్టల మీద బొమ్మలు వేసి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలి, ఇంకా ఎక్కువే సంపాదించుకోవాలి. ఆ అట్టముక్క మీద కుక్క అంటే విశ్వాసం అని రాసే బదులు, ఈ బొమ్మ ఎవరి కోసం వేసేవారు, ఏ గోడ మీద వేసేవారు, వేసినవాడి పేరేమిటి అని మూడు లైన్లు రాస్తే ఎవరి సొమ్ము పోయింది? చావు ప్రస్తావన వస్తే కొనరని భయం కాబోలు.

ఇప్పుడు లెక్క మళ్ళీ మారుతోంది. మా చిన్నత్త మనవరాలు భువనేశ్వర్‌లో ఉంటుంది, లాబ్రడార్‌ను పెంచుతోంది. ఏసీ గదిలో అది మంచం మీదే పడుకుంటుంది. ఆ మంచం మీద దుప్పటికి, దిండు గలీబులకు ఆన్‌లైన్‌లో తెప్పించిన పగ్ బొమ్మల ప్రింటు. అత్త వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చింది. గలీబు మీద కుక్కేంటని ఏమైనా అన్నావా అంటే, "కుక్కే మంచమెక్కి పడుకుంటంటే దాని బొమ్మనేటంటాను?" అంది. నేనిన్ని పేరాలు రాసి చెప్పింది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

మొన్న బరంపురంలో పట్టు నేసే ఒక పెద్దాయనతో మాటల్లో ఇదే అడిగాను. ఎవరైనా కావాలంటే అంచులో కుక్కల వరస నేస్తారా అని. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదన్నాడు. అడిగితే? కాసేపు ఆలోచించి, "అడ్వాన్సు ఇస్తే చూద్దాం బాబూ, డిజైను గీయించాలి కదా" అన్నాడు. నేను లేచి చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి పిలిచి మరీ చెప్పాడు: "పెళ్ళిచీర మాత్రం నేయను."